ఖాళీ చేతుల లెక్క

1950 మే 30న జరిగిన ఇండియానాపొలిస్ 500 మైళ్ల రేసు నుంచి ఒక ఫిల్ము ముక్క మిగిలింది. బిల్ హాలండ్ కారు ట్రాకు వదిలి పిట్‌లోకి వచ్చి ఆగుతుంది. కొద్దిమంది మనుషులు పరుగెత్తుకొస్తారు. చక్రం నడుమనున్న నట్టును సుత్తితో బాది వదులు చేస్తారు, పాత చక్రం లాగి కొత్తది ఎక్కిస్తారు, మళ్లీ సుత్తి దెబ్బలు. ఇంకోవైపు ఇంధనం పోస్తుంటారు. కారు కదిలేసరికి 67 సెకన్లు. ఆ రేసును 345 మైళ్ల దగ్గర వాన ఆపేసింది, హాలండ్ రెండో స్థానంలో మిగిలాడు. ఈ ముక్క పక్కన 2013 మెల్‌బోర్న్ రేసులో ఫెరారీ జట్టు చేసిన పిట్ స్టాప్‌ను అతికించి చూపించడం రేసు అభిమానులకు ఇష్టమైన సరదా. రెండోది మొదలైందని గమనించేలోపే అయిపోతుంది.

రెండూ వరసగా చూసినవాళ్లకు ముందు నవ్వొస్తుంది. పాతకాలపు మెకానిక్కులు తీరుబడిగా పని చేసుకుంటున్నారనిపిస్తుంది. అలాంటి పాత చిత్రాలు దొరికినప్పుడు ఇంకోసారి, మధ్యమధ్య ఆపుతూ చూడండి. సుత్తి పట్టినవాడిని వదిలేయండి. అతని చెయ్యి ఎంత వేగంగా ఆడగలదో అంత వేగంగానే ఆడుతోంది. ఆ క్షణాన పని లేని చేతులు ఎన్నో లెక్కపెట్టండి. నట్టు ఊడేదాకా ఆగిన చేతులు, జాకీ లేచేదాకా ఆగిన చేతులు, ట్యాంకు నిండేదాకా ఆగిన చేతులు. నూరేళ్లకు పైబడిన పిట్ స్టాప్ చరిత్రలో మనిషి కండరం పెద్దగా మారలేదు. 67 సెకన్లలో కరిగిపోయింది చాలావరకు ఆ ఎదురుచూపే.

ఫిల్మును ఇలా ఆపి ఆపి చూసే పద్ధతిని రేసుల వాళ్లు కనిపెట్టలేదు. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీ పనివాడిగా జీవితం మొదలుపెట్టాడు. ఒక ఇటుక పేర్చడానికి మేస్త్రీ 18 కదలికలు చేస్తున్నాడని గమనించి, వాటిని నాలుగైదుకు దించాడు. మేస్త్రీని తొందరపెట్టి సాధించలేదు ఆ పని. ఇటుకలు నడుము ఎత్తులో ఉండేలా పరంజాను మార్చాడు, వాటిని ముందే సరైన ముఖం పైకి ఉండేలా పేర్చిపెట్టే పని ఒక కూలీకి అప్పగించాడు. వంగడం, ఎంచడం, తిప్పడం పోయాయి. తర్వాత 1910ల్లో ఆయన, భార్య లిలియన్ కలిసి కార్మికులను సినిమా కెమెరాతో తీయడం మొదలుపెట్టారు. అప్పటి కెమెరాలను చేత్తో తిప్పేవారు కాబట్టి ఫ్రేముల వేగం మీద నమ్మకం లేదు. అందుకని సెకనులో చిన్న భాగాలను కూడా చూపే గడియారాన్ని దృశ్యంలోనే నిలబెట్టి తీసేవారు.

మూగ సినిమాల కాలపు రేసు చిత్రాల్లో మనుషులు బొమ్మల్లా గబగబా గెంతుతుంటారు కదా, దానికి కారణం ఇదే. నెమ్మదిగా తీసినదాన్ని వేగంగా ఆడిస్తున్నారు. ఆ బొమ్మల ఆధారంగా వేగం అంచనా వేస్తే తప్పుతుంది. మాటల సినిమా వచ్చాక సెకనుకు 24 ఫ్రేములు స్థిరపడ్డాయి. అప్పటినుంచి ఏ ఫిల్మయినా ఒక రకమైన గడియారమే, ఒక్కో ఫ్రేమూ సుమారు 42 మిల్లీసెకన్లు. ఈ లెక్కన హాలండ్ ఆగిన కాలం 1,600 ఫ్రేములకు పైమాటే. ఫార్ములా వన్‌లో ఇప్పటికి నమోదైన అతి వేగవంతమైన పిట్ స్టాప్ 2023 ఖతార్ రేసులో లాండో నోరిస్ కారుకు మెక్‌లారెన్ జట్టు చేసినది, 1.80 సెకన్లు. అది 43 ఫ్రేముల్లో ఇమిడిపోతుంది.

చిత్రాన్ని నమ్మొచ్చు గాని, పాత డాక్యుమెంటరీల్లో శబ్దాన్ని అంతగా నమ్మకండి. ఇంజను గర్జనలు చాలాసార్లు తర్వాత ఎడిటింగ్ గదిలో అతికించినవి.

కత్తితో కోసిన టైర్లు

మొట్టమొదటి గ్రాండ్ ప్రీ 1906 జూన్‌లో ఫ్రాన్సులో ల మాన్ దగ్గర రెండు రోజులు జరిగింది. ఒక్కో ల్యాపు 103 కిలోమీటర్లు, రోజుకు ఆరు ల్యాపులు. ఎండకు రోడ్డు మీది తారు కరిగి, రాళ్లు లేచి టైర్లను చీల్చేశాయి. కారును ముట్టుకునే హక్కు డ్రైవరుకూ అతని పక్కన కూర్చునే మెకానిక్కుకూ మాత్రమే ఉంది. టైరు పోతే వాళ్లే దిగి, కత్తితో దాన్ని కోసి పారేసి, కొత్తదాన్ని రిమ్ము మీదికి బలవంతంగా ఎక్కించాలి. ఒక్కో టైరుకు పావుగంట పట్టేది.

రెనో కారు నడిపిన ఫెరెంజ్ సీస్ అనే హంగేరియన్‌కు ఆ బాధ తప్పింది. మిషలాన్ కంపెనీ అప్పుడే ఊడదీసి బిగించే రిమ్ములు తయారుచేసింది. గాలి నింపిన టైరు ముందే ఎక్కించి ఉన్న రిమ్మును బోల్టులతో బిగిస్తే సరి, పని రెండు నిమిషాల్లోపు. అయితే ఈ రిమ్ములు బరువు. కారు 1,000 కిలోలు మించకూడదన్న నిబంధన వల్ల కొన్ని జట్లు వాటిని వాడలేకపోయాయి. సీస్ అర్ధగంటకు పైగా తేడాతో గెలిచాడు.

టైరును రిమ్ము మీదికి ఎక్కించే శ్రమ ఎక్కడికీ పోలేదన్నది ఇక్కడ చూడాల్సిన సంగతి. ఆ శ్రమ రేసు జరిగే కాలం నుంచి రేసుకు ముందు రోజుకు జరిగింది, అంతే. గిల్‌బ్రెత్ ఇటుకలను ముందే తిప్పి పెట్టించినట్టు. పిట్ స్టాప్‌లో తర్వాత వచ్చిన పెద్ద మార్పులన్నీ దాదాపు ఈ ఒక్క ఎత్తుగడకు రూపాంతరాలే: గడియారం నడుస్తుండగా చేసే పనిలోంచి, అది నడవనప్పుడు చేయగలిగినదంతా బయటికి తీసేయడం.

1930ల్లో మెర్సిడెస్ జట్టు మేనేజరు ఆల్ఫ్రెడ్ నోయ్‌బావర్ దీనికి సైనిక క్రమశిక్షణ తోడుచేశాడు. బోర్డులూ జెండాలతో డ్రైవరుకు సంకేతాలివ్వడం, ఎవరు ఏ చక్రం దగ్గర నిలబడాలో ముందే నిర్ణయించడం, సాధన చేయించడం ఆయన పుణ్యమే. అయినా తొందర తొందరే. 1938 జర్మన్ గ్రాండ్ ప్రీలో ముందంజలో ఉన్న మాన్‌ఫ్రెడ్ ఫాన్ బ్రాఖిచ్ కారులో ఇంధనం పోస్తుండగా అది పొంగి ఒలికి మంటలంటుకున్నాయి. నోయ్‌బావర్ తానే వెళ్లి డ్రైవరును బయటికి లాగాడు. అదే పిట్‌లో వెనక ఆగి ఉన్న ఇంగ్లిషువాడు డిక్ సీమన్ బయటపడి రేసు గెలిచాడు.

పిట్ స్టాప్ అనేది ఒక నాటకంగా డాక్యుమెంటరీలకు ఎక్కిందంటే మాత్రం 1957 న్యూర్‌బుర్గ్‌రింగ్ రేసు వల్ల. హువాన్ మాన్యుయెల్ ఫాంజియోకు అప్పుడు 46 ఏళ్లు. ఫెరారీలు ఆగకుండా రేసు మొత్తం నడుస్తాయని అతనికి తెలుసు. తన మాసెరాతిలో సగం ట్యాంకే పోయించుకుని, మెత్తని టైర్లతో తేలిగ్గా బయల్దేరి, 30 సెకన్ల దాకా ఆధిక్యం కూడబెట్టుకుని మధ్యలో ఆగాలన్నది పథకం. ఆగాడు. వెనక చక్రం తీస్తుండగా నట్టు ఒకటి కారు కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతికి పట్టుకునేసరికి ఆధిక్యం ఆవిరైపోయింది. ముందున్న ఫెరారీ డ్రైవర్లు హాథార్న్, కాలిన్స్‌ల కంటే దాదాపు 50 సెకన్లు వెనకబడి మళ్లీ ట్రాకెక్కాడు.

తర్వాతి పది ల్యాపుల గురించి సినిమాలూ పుస్తకాలూ చెబుతూనే ఉన్నాయి. ల్యాపు రికార్డును మళ్లీ మళ్లీ బద్దలుకొడుతూ, అర్హత పోటీలో తాను సాధించిన సమయం కంటే ఎనిమిది సెకన్లు తక్కువలో, 9 నిమిషాల 17.4 సెకన్లలో 22.8 కిలోమీటర్ల ల్యాపు తిరిగాడు. చివరి ముందరి ల్యాపులో ఇద్దరినీ దాటి 3.6 సెకన్ల తేడాతో గెలిచి, అయిదోసారి ప్రపంచ విజేత అయ్యాడు. నాకు మాత్రం ఆ నట్టు మీద ఎక్కువ ఆసక్తి. అది దొర్లిపోగలిగేలా ఉండటం ఒక డిజైను లోపం. అది సరిదిద్దబడటానికి అర్ధ శతాబ్దం పట్టింది. నేటి ఫార్ములా వన్ చక్రంలో నట్టు చక్రంతోనే అతుక్కుని వస్తుంది, విడిగా కింద పడదు. పాత చక్రంతో పాత నట్టు పోతుంది, కొత్త చక్రంతో కొత్త నట్టు వస్తుంది. డ్రైవరు వీరత్వం గురించి తీసిన ప్రతి పది సినిమాలకు ఈ నట్టు గురించి ఒక్కటన్నా తీస్తే బాగుండును.

ఒలికే ఇంధనం, పారే ఇంధనం

1964 ఇండియానాపొలిస్ రేసు రెండో ల్యాపులోనే పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ చనిపోయారు. ఆ తర్వాతి ఏడు నుంచి ప్రతి కారూ కనీసం రెండుసార్లు ఆగి తీరాలనీ, ఇంధనాన్ని ఒత్తిడితో నెట్టకూడదనీ, ఎత్తున పెట్టిన ట్యాంకు నుంచి దాని బరువు మీదే దిగాలనీ నిబంధన వచ్చింది. 1965లో లోటస్ కారు నడిపే స్కాట్లాండు వీరుడు జిమ్ క్లార్క్ కోసం ఫోర్డ్ కంపెనీ వర్జీనియా రాష్ట్రంలోని స్టువర్ట్ అనే చిన్న ఊరి నుంచి వుడ్ సోదరులను పిలిపించింది. స్టాక్ కార్ల రేసుల్లో పిట్ పనికి పేరుమోసిన కుటుంబం వాళ్లది.

ఎత్తు నుంచి దిగే ద్రవం ఎంత వేగంగా దిగుతుందో పదిహేడో శతాబ్దంలోనే తొరిచెల్లి అనే శాస్త్రవేత్త తేల్చేశాడు. ఆ వేగం ద్రవం ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఎత్తును నిబంధన కట్టేసింది. ఇక మిగిలింది దారి. గొట్టం మొదట్లో పదునైన అంచు ఉంటే ద్రవం అక్కడ సుళ్లు తిరిగి, గొట్టం వెడల్పు పూర్తిగా ఉపయోగపడదు. లెనర్డ్ వుడ్ ఆ లోపలి అంచుల మీద, అడ్డుపడే కవాటాల మీద దృష్టి పెట్టాడు, అన్నీ నునుపుగా జారేలా చేశాడు. రేసులో క్లార్క్ రెండుసార్లు ఆగాడు, రెండూ కలిపి 45 సెకన్లలోపే. 200 ల్యాపుల్లో 190 ల్యాపులు ముందుండి గెలిచాడు. ఇంజను వెనకనున్న కారు ఇండియానాపొలిస్‌లో గెలవడం అదే మొదలు.

ఐరోపాలో ఆ కాలపు గ్రాండ్ ప్రీలలో ముందుగా అనుకుని ఆగడమే అరుదైపోయింది. నిండు ట్యాంకుతో బయల్దేరి చివరిదాకా నడిపేవారు. పిట్‌కు వచ్చారంటే ఏదో చెడిందన్నమాట. దీన్ని తిరగేసింది బ్రాబమ్ జట్టు డిజైనరు గోర్డన్ మరే, 1982లో. ఆయన వేసిన లెక్క సారాంశాన్ని ఇప్పటి ఇంజనీర్లు వాడే స్థూల సంఖ్యలతో మనమూ వేసుకోవచ్చు. పది కిలోల అదనపు బరువు ల్యాపుకు సుమారు 0.3 సెకను తినేస్తుంది. 50 ల్యాపుల రేసుకు 160 కిలోల ఇంధనం కావాలనుకుందాం. సగమే పోసుకుని బయల్దేరినవాడు మొదటి 25 ల్యాపులూ పక్కవాడి కంటే 80 కిలోలు తేలిక, అంటే ల్యాపుకు 2.4 సెకన్లు లాభం, మొత్తం 60 సెకన్లు. మిగతా సగంలో ఇద్దరి బరువూ ఒకటే. పిట్‌లోకి వెళ్లి, ఆగి, బయటపడటానికి అందులో సగం ఖర్చయినా మిగిలేది బోలెడు. పైగా ఇతను మెత్తని టైర్లు వాడొచ్చు, కొత్తవి ఎలాగూ వస్తాయి.

చిక్కు ఒక్కచోట ఉంది. రేసు టైరు వేడెక్కితేనే రోడ్డును పట్టుకుంటుంది. చల్లని కొత్త టైర్లతో బయటికొచ్చిన కారు మొదటి ల్యాపులోనే లాభాన్ని పోగొట్టుకుంటుంది. అందుకని బ్రాబమ్ వాళ్లు టైర్లను ముందే వేడిచేసే పెట్టెలు తయారుచేసుకున్నారు. ఇంగ్లండు రేసుకు అంతా సిద్ధం చేసుకున్నా, ఆగే ల్యాపు దాకా కార్లే నిలవలేదు. ఆగస్టులో ఆస్ట్రియాలో రికార్డో పత్రేజే ముందంజలో ఉండి పిట్‌కు వచ్చి, పథకం పనిచేస్తుందని చూపించాడు. తర్వాత ఇంజను పోయింది, అది వేరే సంగతి. మరుసటి ఏడు సగం ట్యాంకు కోసమే గీసిన కారుతో నెల్సన్ పికే ప్రపంచ విజేత అయ్యాడు.

అదే 1983లో బ్రెజిల్ రేసులో కెకె రోస్‌బర్గ్ విలియమ్స్ కారు ఇంధనం పోస్తుండగా భగ్గుమంది. అతను బయటికి దూకాడు, మంట ఆర్పారు, మళ్లీ ఎక్కి పోటీ పడ్డాడు. నడిపినవాడికి అది సాహసం, చూసేవాడికి గొప్ప దృశ్యం, నిర్వాహకులకు పీడకల. 1984 నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపడం నిషేధించారు. పదేళ్ల తర్వాత 1994లో మళ్లీ అనుమతించారు. ఆ ఏడాదే జర్మనీలో హాకెన్‌హైమ్ పిట్‌లో బెనెటన్ కారు మీద ఒలికిన ఇంధనం క్షణంలో అగ్నిగోళమైంది. అదృష్టం కొద్దీ ప్రాణాలు పోలేదు. కాలిన గాయాలతో బయటపడ్డ ఆ డ్రైవరు యోస్ వెర్‌స్టాపెన్. పాతికేళ్ల తర్వాత 2019 బ్రెజిల్ రేసులో రెడ్ బుల్ జట్టు 1.82 సెకన్లలో చక్రాలు మార్చి పంపిన కారు అతని కొడుకు మాక్స్‌ది.

1994 నుంచి 2009 దాకా ఇంధనం నింపే యంత్రాలు అందరికీ ఒకటే, సెకనుకు సుమారు 12 లీటర్లు. 70 లీటర్లు కావాలంటే దాదాపు ఆరు సెకన్లు, గొట్టం తగిలించి తీసే సమయం అదనం. ఈలోగా చక్రాల వాళ్లు నాలుగు సెకన్లలో పని ముగించి చేతులు కట్టుకుని నిలబడేవారు. పెళ్లి పంక్తిలో కూరలూ పచ్చళ్లూ ఎంత చురుగ్గా వడ్డించినా అన్నం గంగాళం వచ్చేదాకా ఎవరూ కలుపుకోలేరు కదా, అదే పరిస్థితి. కొన్ని పనులు ఏకకాలంలో జరిగే చోట మొత్తం సమయాన్ని నిర్ణయించేది వాటిలో అతి పొడవైన పని ఒక్కటే. దాన్ని వదిలి మిగతావాటిని ఎంత చెక్కినా ఫలితం సున్న. అందుకే ఆ పదహారేళ్లలో చక్రాలు మార్చే సామగ్రి మీద ఎవరూ పెద్దగా బుర్ర పెట్టలేదు. తెలివంతా ఎప్పుడు ఆగాలి, ఎన్నిసార్లు ఆగాలి అన్నదాని మీదికి మళ్లింది. 1998 హంగేరీలో ఫెరారీ ఇంజనీరు రాస్ బ్రాన్ రేసు మధ్యలో పథకం మార్చి డ్రైవరు షూమాకర్‌ను మూడుసార్లు ఆపి గెలిపించాడు. 2004 ఫ్రాన్సులో నాలుగుసార్లు ఆపి కూడా గెలిపించాడు.

2010లో ఇంధనం నింపడం మళ్లీ నిషేధమైంది. అన్నం గంగాళం అడ్డు తొలగింది. మూడున్నర, నాలుగు సెకన్ల దగ్గర ఉన్న చక్రాల మార్పిడి మూడేళ్లలో సగమైంది. 2013 చివర్లో అమెరికా రేసులో మార్క్ వెబర్ కారుకు రెడ్ బుల్ 1.923 సెకన్లు తీసుకుంది. ఈ మూడేళ్లలో మెకానిక్కుల చేతులు రెండింతలు చురుకైపోయాయని ఎవరూ అనుకోరు.

విద్యుత్ కార్లలో ఈ పాఠాన్ని మరోవైపు నుంచి చూడొచ్చు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, జాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అది చూసిన మనవాళ్లకు పిట్ స్టాపుల హడావుడి కనిపించలేదు, ఆగాల్సిన అవసరమే లేదు. ఆ పోటీల తొలి నాలుగు సీజన్లలో, 2018 దాకా, బ్యాటరీ రేసు మొత్తానికి సరిపోక డ్రైవరు మధ్యలో దిగి రెండో కారు ఎక్కేవాడు. 2025లో జెడ్డా రేసుతో మెరుపు చార్జింగ్ ప్రవేశపెట్టారు. 600 కిలోవాట్ల చార్జరుతో 30 సెకన్లు, దానికి వచ్చేది బ్యాటరీలో పదో వంతు. ఎంతమంది మెకానిక్కులను దింపినా ఆ 30 సెకన్లు తగ్గవు.

రెండు సెకన్ల లోపల

ఇప్పటి ఫార్ములా వన్ పిట్ స్టాప్‌లో సుమారు ఇరవైమంది ఉంటారు. ఒక్కో చక్రానికి ముగ్గురు: ఒకరు గన్‌తో నట్టు తీసి బిగిస్తారు, ఒకరు పాత చక్రం లాగుతారు, ఒకరు కొత్తది ఎక్కిస్తారు. ముందూ వెనకా జాకీలకు ఇద్దరు, కారు ఊగకుండా పట్టుకోవడానికి ఇద్దరు, ముందు రెక్క కోణం సరిచేయడానికి ఇద్దరు. చక్రానికి నట్టు ఒక్కటే. ముందు జాకీ పట్టినవాడు కారుకు ఎదురుగా నిలబడతాడు కాబట్టి, అతను పక్కకు తప్పుకునేదాకా కారు కదలలేకపోయేది. జాకీకి తిరుగుడు కీలు పెట్టాక, కారు ఇంకా పైన ఉండగానే అతను పక్కకు జరిగి మీట నొక్కుతున్నాడు. ఒకప్పుడు పొడుగాటి కర్రకు పలక తగిలించి డ్రైవరును ఆపి పంపేవారు, ఇప్పుడు దీపాలు. గన్ పట్టినవాడు బొత్తాం నొక్కగానే ఆ చక్రం సిద్ధమని సంకేతం వెళుతుంది.

గన్ గాలితో నడుస్తుంది. గాలి బదులు హీలియం పంపితే ఇంకా వేగంగా తిరుగుతుందని కొన్ని జట్లు కనిపెట్టాయి. హీలియం అణువు బాగా తేలిక, అందులో ధ్వని గాలిలో కంటే దాదాపు మూడింతలు వేగంగా ప్రయాణిస్తుంది. సన్నని దారుల గుండా ఒక వాయువు ఎంత వేగంగా దూసుకుపోగలదన్న దానికి ఆ ధ్వని వేగమే పరిమితి. భౌతికశాస్త్రం ముచ్చటగానే ఉంది గాని, ఖర్చు చూసి 2012 నుంచి నిషేధించారు. నన్నడిగితే మంచి పనే చేశారు. ప్రపంచంలో హీలియంకు ఎంఆర్ఐ యంత్రాలు చల్లబరచడం వంటి మంచి పనులు చాలా ఉన్నాయి.

వేగం ఎంత సున్నితమైనదో 2021 మొనాకోలో వాల్తెరి బొతాస్‌కు తెలిసింది. గన్ కాస్త వంకరగా కూర్చుని నట్టు పళ్లను అరగదీసేసింది. పట్టు చిక్కక చక్రం రాలేదు, అక్కడితో అతని రేసు అయిపోయింది. మెర్సిడెస్ వాళ్లు కారును ఇంగ్లండు ఫ్యాక్టరీకి తీసుకుపోయి ఆ చక్రాన్ని ఊడదీసేసరికి 43 గంటలు గడిచాయి. అంతకంటే దారుణమైనవీ ఉన్నాయి. 2013 న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో వెబర్ కారు నుంచి ఊడిన చక్రం ఒక కెమెరామన్‌ను కొట్టింది. 2018 బహ్రెయిన్‌లో వెనక చక్రం ఇంకా మార్చకుండానే దీపం పచ్చబడి, కిమి రైకొనెన్ కారు కదిలి ఒక మెకానిక్కు కాలు విరిగింది. 1994 ఇమోలాలో పిట్ దారిలో ఊడిన చక్రం తగిలి మెకానిక్కులు గాయపడ్డాకే అక్కడ వేగ పరిమితి వచ్చింది. దానికి ముందు ఏడు, 1993లో డోనింగ్టన్‌లో అయర్టన్ సెన్నా పిట్ దారి గుండా ఆగకుండా దూసుకుపోయి ఆ రేసులోకెల్లా వేగవంతమైన ల్యాపు నమోదు చేశాడు. చివరి మలుపు తప్పించే అడ్డదారి అది. ఈనాటి పిల్లలకు చెబితే నమ్మరు.

2021లో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఒక విచిత్రమైన పని చేసింది. చక్రం బిగిసిందన్న సంకేతానికీ జాకీ దించమన్న సంకేతానికీ మధ్య కనీసం 0.15 సెకను, కారు కిందికి దిగాక డ్రైవరుకు పచ్చదీపం వెలగడానికి కనీసం 0.2 సెకను ఉండాలంది. కంటితో చూసి, మెదడుతో తేల్చుకుని, చేత్తో స్పందించడానికి మనిషికి పట్టే సమయం దాదాపు అంత. అంతకంటే వేగంగా జరిగిందంటే, బిగిసిందో లేదో చూడకుండానే ఎవరో బొత్తాం నొక్కారనో, మనిషి బదులు యంత్రమే నిర్ణయించిందనో అర్థం. ఎదురుచూపును నూరేళ్లపాటు చెక్కి చెక్కి తీసేశాక, చివరి ముక్కను నిబంధనతో తిరిగి పెట్టాల్సి వచ్చింది. రెడ్ బుల్ లాంటి జట్లు గొణిగాయి. నాకు మాత్రం ఆ 0.35 సెకను పిట్ స్టాప్‌లో అత్యంత విలువైన భాగంగా కనిపిస్తుంది.

ఈ కథలో డాక్యుమెంటరీకి, అంటే తీరిగ్గా కూర్చుని చూసే చూపుకి, రేసులతో సంబంధం లేని ఫలితం కూడా ఒకటి దక్కింది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్స నిపుణుడు మార్టిన్ ఇలియట్, ఇంటెన్సివ్ కేర్ నిపుణుడు అలన్ గోల్డ్‌మన్ ఒకనాడు పని ముగించుకుని టీవీలో ఫార్ములా వన్ చూస్తున్నారు. ఆపరేషన్ అయిన పసిబిడ్డను థియేటర్ నుంచి ఇంటెన్సివ్ కేర్‌కు మార్చడం కూడా ఇలాంటి పనేనని వాళ్లకు తోచింది. వెంటిలేటరు, మానిటర్ల తీగలు, మందుల గొట్టాలు ఒకటొకటిగా ఒక యంత్రం నుంచి ఇంకోదానికి మారాలి. అదే సమయంలో బిడ్డ వివరాలన్నీ ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు నోటిమాటగా అందాలి. అందరూ ఒకేసారి మాట్లాడేవారు. మొత్తం వ్యవహారానికి పెద్ద ఎవరో ఎవరికీ స్పష్టంగా తెలియదు.

ఆ అప్పగింతను వీడియో తీసి ఫెరారీ జట్టు వాళ్లకు చూపించారు. పిట్‌లో పలక పట్టుకుని కారును ఆపి పంపేవాడి లాంటి మనిషి ఇక్కడెక్కడ అన్నది వాళ్లవైపు నుంచి వచ్చిన ముఖ్యమైన ప్రశ్న. దాంతో ఆ బాధ్యత మత్తు డాక్టరుకు అప్పగించారు. ముందు యంత్రాలు, ఆ తర్వాతే మాటలు, చివర చర్చ అని మూడు దశలు విడదీశారు. ఒక్కొక్కరు నిలబడే చోటు, చేసే పని రాసిపెట్టారు. మార్పుకు ముందు 23, తర్వాత 27 అప్పగింతలు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కో అప్పగింతలో సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కు, చెప్పడం మరిచిన వివరాలు 2.09 నుంచి 1.07కు తగ్గాయి. పట్టే సమయం 10.8 నిమిషాల నుంచి 9.4 నిమిషాలకే దిగింది, దాని కోసం వాళ్లు చూడలేదు కూడా.

గిల్‌బ్రెత్ దంపతులు ఆపరేషన్ థియేటర్లలో కూడా కెమెరా పెట్టారు. సర్జను తల తిప్పి కత్తెర వెతుక్కోకుండా నర్సు దాన్ని చేతిలో పెట్టాలన్న సూచన వాళ్లు చేసినవాటిలో ఒకటి. వెనక్కి తిరిగి చూస్తే ఆసుపత్రి నుంచి రేసుకూ, రేసు నుంచి ఆసుపత్రికీ ఈ దారి చాలాకాలంగా ఉన్నదే. 2016లో వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి, ఊపిరందని నవజాత శిశువులను బతికించే జట్టు కోసం విలియమ్స్ పిట్ బృందంతో కలిసి పనిచేసింది. సామగ్రి బండిలో ఏది ఏ అరలో ఉండాలో సరిచేసుకున్నారు, నేల మీద జట్టు నిలబడే చోటు గుర్తించుకున్నారు, మాటల బదులు చేతి సైగలు నేర్చుకున్నారు. చేసిన పనిని తర్వాత వీడియోలో చూసుకుని చర్చించుకునే పద్ధతినీ పిట్ జట్ల నుంచే తీసుకున్నారు.